శవం తిరిగి చెట్టెక్కని రోజు: సూపర్‌హీరో కామిక్స్‌లో కొన్ని కథలు ఎందుకు మనసు వదలవు

వారాంతం సాయంత్రం ఎంజీ రోడ్ మెట్రో స్టేషన్‌లో దిగి చర్చ్ స్ట్రీట్‌లోకి మళ్ళితే, పాత పుస్తకాల షాపుల్లో కామిక్స్ అరల దగ్గర తెలుగు వినబడుతుంది. ఉద్యోగాలకని బెంగళూరు వచ్చినవాళ్ళు, ఇక్కడే పుట్టి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడుతూ పెరిగిన పిల్లలు. సినిమాలన్నీ చూసేసి, అసలు కథలు ఎక్కడ మొదలయ్యాయో చూద్దామని వచ్చినవాళ్ళే వీళ్ళలో ఎక్కువ. కొత్తగా చేరిన ప్రతి పాఠకుడికీ ఒక సందేహం ఉంటుంది: "ఈ కామిక్స్‌లో చచ్చినవాళ్ళంతా మళ్ళీ బతికొస్తారటగా. మరి ఆ చావుల గురించి యాభై ఏళ్ళయినా జనం ఇంకా బాధపడతారెందుకు?"

న్యాయమైన సందేహమే. చందమామ బేతాళ కథలతో పెరిగిన ఇళ్ళలో దీనికి జవాబు చెప్పడం కొంత తేలిక. నెలనెలా విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం కేసి నడుస్తాడు. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. రాజు నోరు విప్పగానే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. వచ్చే నెల మళ్ళీ మొదటికే. ఆ నెల కథ ఎంత గొప్పదైనా రాజుకి ఒక్క వెంట్రుక కూడా నెరవదు. 1938లో సూపర్‌మ్యాన్ పుట్టిన దగ్గర్నుంచి అమెరికా సూపర్‌హీరో కామిక్స్ కూడా చాలాకాలం ఇలాగే నడిచాయి. విలన్ వస్తాడు, ఊరికి ముప్పు తెస్తాడు, హీరో గెలుస్తాడు, ఆఖరి పేజీకల్లా ఎక్కడివక్కడ సర్దుకుంటాయి. పదో ఏట చదవడం మొదలుపెట్టిన పిల్లాడు కాలేజీకి వెళ్ళిపోతాడు, హీరో మాత్రం అక్కడే ఉంటాడు. ఏం జరిగినా శవం తిరిగి చెట్టెక్కుతుందన్న ధీమా మీదే పాఠకుడు నెలనెలా డబ్బులు పెట్టేవాడు.

మనసులో నాటుకుపోయిన కథలు ఈ ధీమాని ఎక్కడో ఒకచోట దెబ్బతీసినవే. అందుకు చావు ఒక్కటే సరిపోదు. చావులు వందల్లో ఉన్నాయి, వాటిలో చాలావాటిని ఇప్పుడు ఎవరూ తలుచుకోరు. మనిషి వెనక్కి వచ్చినా వెనక్కి రానిది ఒకటి మిగిలిపోయిన కథలే నిలిచాయి. ఆ మిగిలిందేమిటో ఒక్కో కథలో వెతికి పట్టుకోవాలి.

మొదట చెప్పుకోవాల్సింది స్పైడర్‌మ్యాన్ ప్రేమించిన గ్వెన్ స్టేసీ గురించి. 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 121వ సంచిక. అట్ట మీద జూన్ 1973 అని ఉంటుంది గానీ అది దుకాణాల్లోకి వచ్చింది మార్చిలో. అప్పటి కామిక్స్‌కి అట్ట మీద నెల రెండు మూడు నెలలు ముందుకి వేసేవాళ్ళు. పాత సంచికల తేదీలు చూసేటప్పుడు ఈ సంగతి తెలియక కొత్తవాళ్ళు తికమక పడుతుంటారు. రచన గెర్రీ కాన్వే, అప్పటికి ఇరవై ఏళ్ళ కుర్రాడు. బొమ్మలు గిల్ కేన్. వాటికి ఇంకు దిద్దింది జాన్ రొమీటా, టోనీ మోర్టెల్లారో.

ఈ సంచికని విడిగా చదివితే సగమే అందుతుంది. గ్వెన్ 31వ సంచికలో, 1965 చివర్లో వచ్చింది. చనిపోయేనాటికి ఆమె పాఠకులకి ఏడేళ్ళ పైచిలుకు పరిచయం. మధ్యలో 90వ సంచికలో ఆమె తండ్రి, పోలీసు కెప్టెన్ స్టేసీ, కూలుతున్న ఇటుకల కింద నుంచి ఒక పిల్లాణ్ణి తప్పించి తాను నలిగిపోతాడు. ప్రాణం పోయేముందు ముసుగులో ఉన్న స్పైడర్‌మ్యాన్‌ని అసలు పేరుతో 'పీటర్' అని పిలిచి, కూతుర్ని చూసుకోమని అప్పగిస్తాడు. ఆయనకి ముందునుంచే తెలుసన్నమాట! ఆ అప్పగింత గుర్తుంచుకుని 121 చదివితే, పీటర్ పోగొట్టుకున్నది ప్రేమించిన పిల్లనే కాదు, ఒక తండ్రికిచ్చిన మాటని కూడా అని అర్థమవుతుంది.

సంచిక అట్ట మీద స్పైడర్‌మ్యాన్ చుట్టూ దగ్గరివాళ్ళందరి ముఖాలూ ఉంటాయి. వీళ్ళలో ఒకరు చనిపోబోతున్నారని అట్టే ముందుగా చెప్పేస్తుంది. కథ పేరు మాత్రం మొదటి పేజీలో ఉండదు, ఆఖరి పేజీ దాకా చెప్పం అని అక్కడే రాశారు. ఆఖరి పేజీలో పేరు కనబడేసరికి అంతా అయిపోయి ఉంటుంది.

వంతెన దృశ్యం దగ్గర కాసేపు ఆగుదాం. విలన్ గ్రీన్ గోబ్లిన్ గ్వెన్‌ని వంతెన స్తంభం మీంచి తోసేస్తాడు. (మాటల్లో అది జార్జ్ వాషింగ్టన్ వంతెన, గీసింది మాత్రం బ్రూక్లిన్ వంతెనలా ఉంటుంది.) స్పైడర్‌మ్యాన్ సాలెదారం వదులుతాడు. అది ఆమె కాళ్ళకి చుట్టుకుంటుంది. ఆ ప్యానెల్లో, అంటే పేజీలోని ఆ బొమ్మ గడిలో, ఆమె మెడ పక్కన, చాలా చిన్న అక్షరాల్లో 'స్నాప్' అని ఒక శబ్దం రాసి ఉంటుంది. కామిక్స్‌లో శబ్దాలు సాధారణంగా సగం ప్యానెల్ ఆక్రమిస్తాయి. ఇది మాత్రం వేగంగా చదివేవాడి కంటపడనంత చిన్నది. పైగా ఆమెని పైకి లాగుతున్నంతసేపూ స్పైడర్‌మ్యాన్ తన శక్తుల్ని తానే మెచ్చుకుంటూ, సాధించానని సంబరపడుతుంటాడు. చేతుల్లోకి తీసుకున్నాక గానీ తెలియదు. ఆ రెండు మూడు ప్యానెళ్ళలో పాఠకుడికి తెలిసింది హీరోకి తెలియదు. రెండోసారి చదివినప్పుడు ఆ సంబరం మాటలు చదవడం చాలా కష్టం.

పడేటప్పుడే చనిపోయిందా, దారం ఆపడం వల్ల చనిపోయిందా అని పాఠకులు ఉత్తరాలు రాశారు. 125వ సంచిక ఉత్తరాల పేజీలో జవాబు వచ్చింది: దారం ఒక్కసారిగా ఆపడం వల్ల మెడకి తగిలిన కుదుపే చంపింది, ఆ పరిస్థితిలో అతను ఏం చేసినా ఆమె దక్కేది కాదు అని. లెక్క కూడా దీనికి సరిపోతుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ప్రొఫెసర్ జేమ్స్ కకాలియోస్ ఈ దృశ్యాన్నే పాఠంగా చెప్పి పేరు తెచ్చుకున్నారు. మనమూ వేసి చూడొచ్చు. 90 మీటర్లు పడిందనుకుందాం. గాలి నిరోధం వదిలేస్తే పడటానికి 4 సెకన్ల పైన పడుతుంది, అప్పటికి వేగం సెకనుకి 42 మీటర్లు, అంటే గంటకి సుమారు 150 కిలోమీటర్లు. ఆ వేగాన్ని అర సెకనులో సున్నా చేస్తే శరీరం మీద పడే తాకిడి గురుత్వాకర్షణకి ఎనిమిదిన్నర రెట్లు. 50 కిలోల మనిషి మీద 430 కిలోల బరువు ఒక్కసారి వేలాడదీసినట్టు. పట్టుకున్నది కాళ్ళని కాబట్టి తల, మెడ కొరడా కొసలా విదిలించుకుంటాయి. అదే 2 సెకన్లలో మెల్లగా ఆపగలిగి ఉంటే తాకిడి రెండు రెట్లకి కాస్త పైన ఉండేది. కానీ అలా ఆగడానికి ఇంకా 42 మీటర్లు కిందికి పోవాలి. కింద అంత జాగా ఉందా, దారం అంత సాగుతుందా అన్నది ఆలోచించే వ్యవధి అతనికి లేదు.

అంటే ఆమెని చంపింది అతని చెయ్యే. ఈ కథని యాభై ఏళ్ళుగా మోస్తున్నది ఆ ఒక్క సంగతి. ఆలస్యంగా వచ్చి ఉంటే విలన్‌ని తిట్టుకుని ఊరుకునేవాళ్ళం. ఇక్కడ హీరో సమయానికే వచ్చాడు, గురి తప్పలేదు, ఉన్న శక్తంతా వాడాడు.

చాలామంది 121తో ఆపేస్తారు. అది పొరపాటు. 122వ సంచికలో గోబ్లిన్ తన గ్లైడరే గుచ్చుకుని చనిపోతాడు. పగ తీరిన తృప్తి పీటర్‌కి ఏమీ కలగదు. అసలు విషయం ఆఖరి పేజీలో ఉంది. పీటర్ గదికి వస్తాడు, అక్కడ స్నేహితురాలు మేరీ జేన్ ఉంటుంది. అప్పటిదాకా ఆమె నవ్వుతూ తుళ్ళుతూ, దేన్నీ లోతుగా పట్టించుకోని పిల్లలా కనిపించేది. పీటర్ ఆ దుఃఖంలో ఆమెని నోటికొచ్చినట్టు అని, పొమ్మంటాడు. ఆమె కన్నీళ్ళతో తలుపు దాకా వెళుతుంది, గుబ్బ మీద చెయ్యి వేస్తుంది, ఒక క్షణం ఆగుతుంది. తలుపు మూసుకుంటుంది: 'క్లిక్'. ఆమె గది లోపలే ఉంది. ఆ చివరి ప్యానెళ్ళలో మాటల్లేవు. ఒక చిన్న శబ్దం గ్వెన్‌ని తీసుకెళితే, ఇంకో చిన్న శబ్దం మేరీ జేన్‌ని అక్కడ నిలబెట్టింది. ఆ తర్వాత పదిహేనేళ్ళ కథ ఆ తలుపు చప్పుడు మీదే నడిచింది.

గ్వెన్‌కి నకళ్ళు వచ్చాయి. వేరే లోకంలో సాలెపురుగు శక్తులున్న గ్వెన్ 2014లో వచ్చి, సొంతంగా అభిమానుల్ని సంపాదించుకుంది. ఈ గ్వెన్ మాత్రం దశాబ్దాల పాటు తిరిగి రాలేదు.

తిరిగొచ్చినవాళ్ళ సంగతి చూడాలంటే జేసన్ టాడ్ కంటే మంచి ఉదాహరణ లేదు. ఇతను రెండో రాబిన్, అంటే బ్యాట్‌మ్యాన్ పక్కన పోరాడే కుర్రాడు. బ్యాట్‌మ్యాన్ 426 నుంచి 429 దాకా, 1988లో, జిమ్ స్టార్లిన్ రాసి జిమ్ అపారో గీసిన కథ. అంతకు ముందు ఏడాది జేసన్ పుట్టుపూర్వోత్తరాలు మార్చి రాశారు. బ్యాట్‌మ్యాన్ కారు టైర్లే విప్పుకుపోయే వీధి కుర్రాడిగా, కోపిష్ఠిగా. చాలామంది పాఠకులకి ఇతను నచ్చలేదు. అప్పుడు ఎడిటర్ డెన్నిస్ ఓనీల్ ఆధ్వర్యంలో ఒక పని చేశారు. 427వ సంచికలో జోకర్ ఇనుప కడ్డీతో జేసన్‌ని చావబాది, బాంబు పెట్టిన గిడ్డంగిలో వదిలేస్తాడు. బాంబు పేలుతుంది. బతికాడా లేదా పాఠకులే చెప్పండి అంటూ రెండు ఫోన్ నంబర్లు అచ్చువేశారు. ఫోన్ చేస్తే 50 సెంట్లు, వ్యవధి ఒకటిన్నర రోజు. చావాలన్నవాళ్ళు 5,343. బతకాలన్నవాళ్ళు 5,271. తేడా 72. డబ్బుల్లో చూస్తే 36 డాలర్లు.

ఈ పద్ధతిలో లోపం పైకే కనబడుతుంది. ఇది మనుషుల్ని లెక్కపెట్టలేదు, ఫోన్లని లెక్కపెట్టింది. ఒకే మనిషి ఎన్నిసార్లయినా చేయొచ్చు. కాబట్టి పాఠకుల్లో సగంమందికి పైగా జేసన్ చావు కోరుకున్నారని చెప్పడం సరికాదు. అపారో రెండు ముగింపులకీ పేజీలు సిద్ధంగా పెట్టాడు. వాడని ఆ రెండోదాన్ని చాలా ఏళ్ళ తర్వాత, 2023లో, పాత సంచిక రూపంలోనే అచ్చువేశారు.

కథలో ఇంకో దెబ్బ ఉంది, ఓట్ల గోలలో దాన్ని మరిచిపోతారు. జేసన్ వెతుక్కుంటూ వెళ్ళింది కన్నతల్లి కోసం. ఆమే అతన్ని జోకర్‌కి పట్టిస్తుంది. అయినా బాంబు పేలేటప్పుడు పిల్లాడు ఆమెకి అడ్డుపడతాడు. ఆ సంగతి బ్యాట్‌మ్యాన్‌కి కొన ఊపిరితో ఉన్న ఆ తల్లే చెబుతుంది. 'వీడు ఎవరికీ నచ్చడు' అని ఓటేసినవాళ్ళు ఆ ప్యానెల్ చదివి ఎలా ఉన్నారో ఊహించవచ్చు.

ఆ తర్వాత బ్యాట్‌మ్యాన్ గుహలో ఒక గాజు పెట్టె, అందులో జేసన్ దుస్తులు. కథ ఏదైనా కానివ్వండి, వెనక ఆ పెట్టె కనబడుతుంది. ఏళ్ళ తరబడి అభిమానుల్లో ఒక మాట ఉండేది: కామిక్స్‌లో చచ్చి అలాగే ఉండిపోయేది ముగ్గురే, కెప్టెన్ అమెరికా తోడు కుర్రాడు బకీ, జేసన్ టాడ్, స్పైడర్‌మ్యాన్ బాబాయి అంకుల్ బెన్ అని. 2005లో ఆ ముగ్గురిలో ఇద్దరు తిరిగొచ్చారు. బకీ ఎడ్ బ్రూబేకర్ రాసిన కెప్టెన్ అమెరికాలో వింటర్ సోల్జర్‌గా, జేసన్ జడ్ వినిక్ రాసిన బ్యాట్‌మ్యాన్‌లో రెడ్ హుడ్‌గా.

జేసన్ రాక పాత కథని చెడగొట్టాలి. చెడగొట్టలేదు. కారణం అతను వేసిన ప్రశ్న. నన్నెందుకు కాపాడలేదని అతను అడగడు, అది క్షమించేశానంటాడు. నన్ను చంపినవాడు ఇంకా ఎందుకు బతికున్నాడని అడుగుతాడు. దానికి బ్యాట్‌మ్యాన్ దగ్గర జవాబు ఉంది గానీ, ఆ జవాబు ఏ తండ్రీ కొడుకు ముఖం చూసి చెప్పగలిగేది కాదు. ఇక్కడ శవం చెట్టు దిగి వచ్చి, బేతాళుడిలా ప్రశ్న వేసింది. మనిషి తిరిగొచ్చాడు గానీ ఆ రాత్రి మాత్రం చెరగలేదు.

ఇలా జరిగిపోయినదానికి వెనక్కి వెళ్ళి కొత్త అర్థం చెప్పడాన్ని కామిక్స్ భాషలో 'రెట్‌కాన్' అంటారు. కొత్త పాఠకుల్ని అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది ఇదే. మంచి రెట్‌కాన్ పాత గాయాన్ని లోతు చేస్తుంది. చెడ్డది, ఆ గాయం అసలు తగలనే లేదంటుంది. జీన్ గ్రే కథలో ఈ రెండో రకం చూడొచ్చు.

ఎక్స్-మెన్ అనే సూపర్‌హీరోల జట్టులోని జీన్ 1976లో, 101వ సంచికలో, మిత్రుల కోసం ప్రాణాలకి తెగించి అంతరిక్షనౌక నడిపి, న్యూయార్క్‌లోని జమైకా బే నీళ్ళలోంచి ఫీనిక్స్‌గా లేస్తుంది. నాలుగేళ్ళు క్రిస్ క్లేర్‌మాంట్ ఆ శక్తిని చుక్కచుక్కగా పెంచుకుంటూ వచ్చాడు. జాన్ బర్న్ బొమ్మలతో 129 నుంచి 'డార్క్ ఫీనిక్స్' కథ. 135వ సంచికలో ఆకలి తీర్చుకోవడానికి ఆమె ఒక నక్షత్రాన్ని మింగుతుంది. దాని చుట్టూ తిరిగే గ్రహం మీద ఐదు వందల కోట్ల ప్రాణాలు పోతాయి. రచయితలు మొదట అనుకున్న ముగింపులో ఆమె శక్తులు తీసేసి ఇంటికి పంపేస్తారు. ముఖ్య సంపాదకుడు జిమ్ షూటర్ ఒప్పుకోలేదు. అంతమందిని చంపాక శిక్ష లేకుండా ఎలా అన్నాడు. గీసేసిన ఆఖరి పేజీల్ని మళ్ళీ గీశారు. 137వ సంచిక, సెప్టెంబర్ 1980: చంద్రుడి మీద, ఆ శక్తి మళ్ళీ తనని లొంగదీసుకుంటోందని తెలిసి, తను ప్రేమించిన స్కాట్ కళ్ళముందే జీన్ తన ప్రాణం తానే తీసుకుంటుంది. మొదటి ముగింపుని 1984లో విడిగా అచ్చువేశారు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, ఒక ఎడిటర్ అభ్యంతరం కథకి ఎంత మేలు చేయగలదో తెలుస్తుంది. మొదటిదాంట్లో ఆమె గురించి వేరేవాళ్ళు తీర్మానిస్తారు. రెండోదాంట్లో నిర్ణయం ఆమెది.

1986లో కొత్త పత్రిక కోసం పాత జట్టంతా కావాల్సి వచ్చింది. జీన్‌ని తేవాలి, కానీ హంతకురాలిగా తేకూడదు. దారి వెతికారు: ఫీనిక్స్ జీన్ కాదు, జీన్ రూపం ధరించిన ఒక విశ్వశక్తి, అసలు జీన్ ఇన్నాళ్ళూ జమైకా బే అడుగున ఒక గూడులో నిద్రపోతోంది! తర్కంగా చూస్తే చాలా తెలివైన దారి. నక్షత్రం మింగిన పాపం ఆమెకి అంటదు. కానీ చంద్రుడి మీద తీసుకున్న ఆ నిర్ణయం కూడా ఆమెది కాకుండా పోయింది. పాపంతో పాటు త్యాగాన్నీ కడిగేశారు. దీనికి తోడు స్కాట్ అప్పటికే మాడెలిన్ ప్రయర్‌ని పెళ్ళి చేసుకుని ఒక బిడ్డకి తండ్రి. జీన్ బతికుందని వినగానే భార్యాబిడ్డల్ని వదిలి వెళ్ళాడు. ఆ మచ్చ ఆ పాత్రని ఇంకా వదల్లేదు. 1989లో 'ఇన్ఫెర్నో' కథలో ఫీనిక్స్ జ్ఞాపకాలన్నీ జీన్‌లోకి తెచ్చి కలిపి, ఆ పోయిన త్యాగాన్ని కొంత తిరిగి ఇవ్వడానికి ప్రయత్నించారు. 137ని మాత్రం పాఠకులు 1980లో రాసినట్టుగానే, రెట్‌కాన్ లేనట్టే చదువుకుంటున్నారు. అలా చదవడమే సబబు.

సూపర్‌మ్యాన్ చావు గురించి అందరికీ తెలిసినంత మరే కథ గురించీ తెలియదు, చదివినవాళ్ళు మాత్రం తక్కువ. 75వ సంచిక, 1992 నవంబర్ 18న వచ్చింది. ప్లాస్టిక్ సంచిలో, చేతికి కట్టుకునే నల్లపట్టీతో సహా. లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. చాలామంది దాన్ని విప్పకుండా దాచుకున్నారు, ఎప్పటికైనా ధర పలుకుతుందని. అందరూ దాచుకున్నదానికి అరుదు ఎక్కడిది? కాబట్టి ఆ నల్లసంచి ఎక్కడైనా కనబడితే పెద్ద మొత్తం పెట్టకండి. చవగ్గా దొరికితే కొని, సంచి చింపి, చదవండి.

చదివేటప్పుడు ప్యానెళ్ళు లెక్కపెట్టండి. డూమ్స్‌డే అనే రాక్షసుడితో పోరాటం నాలుగు పత్రికల్లో సాగుతుంది. 'అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మ్యాన్' 497లో పేజీకి నాలుగు ప్యానెళ్ళు. 'యాక్షన్ కామిక్స్' 684లో మూడు. 'మ్యాన్ ఆఫ్ స్టీల్' 19లో రెండు. డాన్ జర్గెన్స్ గీసిన 75లో పేజీకి ఒకటే బొమ్మ, చివర్న మడత విప్పితే పరుచుకునే పెద్ద బొమ్మ. ప్యానెళ్ళు తగ్గేకొద్దీ పేజీ త్వరగా తిరుగుతుంది, చెయ్యి ఆగదు. కోలాటంలో దరువు వేగం పెరుగుతున్నట్టు ఉంటుంది, ఒక్కసారిగా ఆగిపోతుంది. విడి సంచికలు కలిపి వేసిన పుస్తకంలో ఈ లెక్క తెలియకపోతే, 'ఏముందిందులో, అన్నీ గుద్దులాటలేగా' అనిపిస్తుంది.

నిజానికి గుండె పట్టేది దీని తర్వాత వచ్చే 'ఫ్యునరల్ ఫర్ ఎ ఫ్రెండ్'. లోకమంతా సూపర్‌మ్యాన్ కోసం ఏడుస్తోంది. మామూలు జీవితంలో అతనే అయిన క్లార్క్ కెంట్ మాత్రం గల్లంతైనవాళ్ళ జాబితాలో ఒక పేరు. కాన్సస్‌లో ఉన్న తల్లిదండ్రులు కొడుకు అంత్యక్రియలకి వెళ్ళలేరు, వెళితే అతనెవరో బయటపడుతుంది. టీవీలో చూస్తారు. ప్రేయసి లోయిస్‌కి అప్పటికి నిజం తెలుసు, పెళ్ళి నిశ్చయమై ఉంది. కానీ లోకం దృష్టిలో ఆమె వార్త రాయాల్సిన విలేఖరి, అంతే. నలుగురిలో కూర్చుని గుండెలు బాదుకుని ఏడవడం కూడా ఒక హక్కని మన ఊళ్ళలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఆ హక్కు లేనివాళ్ళ కథ ఇది. ఆ తర్వాత పబ్లిషర్ సూపర్‌మ్యాన్ పత్రికల్ని కొన్ని నెలలు నిజంగానే ఆపేశాడు. నెలనెలా వచ్చేది రాలేదు. పాఠకుడికి ఆ ఖాళీ కథలో కాదు, దుకాణం అరలో కనబడింది. 1993లో ఆయన తిరిగొచ్చాడు, అందరూ అనుకున్నట్టే. టీవీ ముందు కూర్చున్న ఆ తల్లిదండ్రుల పేజీలు మాత్రం చెడలేదు.

చావు లేకుండానే అన్నిటికంటే ఎక్కువ కోపం మిగిల్చిన కథ కూడా ఒకటి ఉంది. 2007 నాటి 'వన్ మోర్ డే'. పెంచిన పిన్ని ఆంట్ మే ప్రాణం నిలపడానికి పీటర్, మేరీ జేన్ తమ పెళ్ళిని మెఫిస్టో అనే దెయ్యానికి ధారపోస్తారు. పెళ్ళి జరగనే లేదన్నట్టు లోకం మారిపోతుంది. వాళ్ళ పెళ్ళయింది 1987లో. ఇరవై ఏళ్ళు ఆ జంటతో కలిసి నడిచిన పాఠకుడి జ్ఞాపకాలు ఒక్కరాత్రిలో చెల్లని నోట్లయ్యాయి. గ్వెన్‌ని చంపినప్పుడు పాఠకులు ఏడ్చారు, తిట్టారు, మళ్ళీ వచ్చే నెల కొన్నారు. ఇక్కడ చాలామంది కొనడం మానేశారు. ఎందుకంటే గ్వెన్ చావు వాళ్ళు చదివినదాన్ని నిజం చేసింది. ఇది అబద్ధం చేసింది.

పోరాటమే లేని రెండు కథలు చెప్పాలి. మొదటిది 1982లో జిమ్ స్టార్లిన్ రాసి గీసిన 'ది డెత్ ఆఫ్ కెప్టెన్ మార్వెల్'. ఇతను క్రీ అనే గ్రహాంతర జాతి యోధుడు మార్-వెల్. ఎప్పుడో ఒక పోరాటంలో పీల్చిన విషవాయువు వల్ల క్యాన్సర్ వస్తుంది. చేతులకున్న కడియాలే ఆ రోగాన్ని ఇన్నాళ్ళూ అదుపులో ఉంచాయి, అవే ఇప్పుడు చికిత్సకి అడ్డం. లోకంలోని మేధావులైన హీరోలందరూ చేరి మందు వెతుకుతారు, దొరకదు. స్నేహితుడు రిక్ జోన్స్ వాళ్ళమీద మండిపడతాడు: ఇంత తెలివి ఉన్న మీరు ఇన్నాళ్ళూ ఈ జబ్బుకి మందు ఎందుకు వెతకలేదు? వాళ్ళ దగ్గర సమాధానం లేదు. క్యాన్సర్ వార్డు బయట కూర్చున్న ఎవరికైనా ఆ కోపం తెలిసినదే. స్టార్లిన్ తండ్రి క్యాన్సర్‌తోనే పోయారు. గుద్దడానికి శత్రువు లేని గదిలో, బలవంతులంతా మంచం చుట్టూ ఊరికే నిలబడి ఉంటారు.

రెండోది ఇంకా చిన్నది. 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 248, జనవరి 1984. రోజర్ స్టెర్న్ రచన, రాన్ ఫ్రెంజ్ బొమ్మలు. 'ది కిడ్ హూ కలెక్ట్స్ స్పైడర్‌మ్యాన్'. స్పైడర్‌మ్యాన్ గురించి వచ్చిన ప్రతి పేపర్ ముక్కా దాచుకునే తొమ్మిదేళ్ళ టిమ్ గదికి ఒక రాత్రి స్పైడర్‌మ్యాన్ కిటికీలోంచి వస్తాడు. కబుర్లు చెప్పుకుంటారు. మధ్యమధ్య ఒక పేపర్ కాలమ్ వాక్యాలు నడుస్తుంటాయి. దొంగని వదిలేసిన సంగతి, దానివల్ల బాబాయి చనిపోయిన సంగతి, ఎవరికీ చెప్పనిది, ఆ పిల్లాడికి చెబుతాడు. నువ్వెవరని పిల్లాడు అడుగుతాడు. స్పైడర్‌మ్యాన్ ముసుగు తీసేస్తాడు. ప్రాణం పోయినా తీయని ముసుగు ఇంత తేలిగ్గా ఎందుకు తీశాడన్నది చదువుతున్నవాడికి అప్పుడు అర్థం కాదు. బయటికి వచ్చాక గేటు మీద బోర్డు కనబడుతుంది. అది క్యాన్సర్ ఆసుపత్రి. పిల్లాడికి ల్యుకేమియా, మిగిలింది కొన్ని వారాలే. రహస్యం ఎవరికీ చెప్పనని టిమ్ ఇచ్చిన మాటకి అప్పుడు అసలు బరువు వస్తుంది.

ఇక కొనుక్కుని చదవాలనుకునేవాళ్ళకి. గ్వెన్ కథకి 121, 122 ఉన్న సంకలనం చాలు అనుకోవద్దు, కనీసం 90 కూడా ఉన్నది వెతకండి. జీన్ కోసం 129 నుంచి మొదలయ్యే పుస్తకం తేలిగ్గా దొరుకుతుంది. వీలైతే 101 నుంచి చదివి రండి, ఆమె మొదటి త్యాగం తెలియకపోతే చివరిది సగమే తాకుతుంది. జేసన్ కోసం అతని చావు కథ 'ఎ డెత్ ఇన్ ద ఫ్యామిలీ' ముందు, తిరిగొచ్చిన కథ 'అండర్ ద హుడ్' తర్వాత. సినిమా చూశాం కదా అని మొదటిది దాటేయకండి. సూపర్‌మ్యాన్‌కి చావు పుస్తకం ఒక్కటే కొని ఆపకండి, అంత్యక్రియల భాగం తప్పక ఉండాలి. పాత విడి సంచిక కొనేటప్పుడు నడిమి పిన్ను దగ్గర పేజీలు ఊడాయేమో, ఉత్తరాల పేజీ చింపేశారేమో విప్పి చూడండి. గ్వెన్ విషయంలో సగం కథ ఆ ఉత్తరాల పేజీలోనే జరిగింది. 248 దొరికితే అట్ట చూసి పక్కన పెట్టేయకండి. ఆ అట్ట థండర్‌బాల్ అనే విలన్‌తో పోరాటానిది. వెనక టిమ్ కథ 11 పేజీలు ఉన్నాయో లేవో చూసుకోండి.